మీసం పందెం కాసి చేసిన స్పీకర్లు

మీసం లేని మనిషితో మీసం పందెం కాయకూడదు. నేను చదివింది మూడో తరగతి వరకే, ఆ పుస్తకాల్లో ఈ మాట రాయలేదు. అయినా నాకు తెలుసు. మా ఆయనకు తెలియదు. పందెం కాసేటప్పుడు నేను పక్కన లేను, వియ్యపురాలి వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాను. హాల్లోకి వచ్చేసరికి పని అయిపోయింది.

ఆ రోజు మా వియ్యంకుడు, అంటే మా కోడలి తండ్రి, కొత్త స్పీకర్లు కొన్నానని మమ్మల్ని భోజనానికి పిలిచాడు. వాళ్లది వెల్దుర్తి పక్కన, మాది రొంపిచెర్ల పక్కన. స్పీకర్లు చూడటానికి అంత దూరం పోయేదేమిటి అన్నాను. నాటుకోడి కోస్తున్నారట అన్నాడు మా ఆయన. అయితే పోదాం అన్నాను.

నిలువెత్తు నల్ల పెట్టెలు రెండు. టీవీకి అటొకటి, ఇటొకటి, పెళ్లిలో తోడుపెళ్లికొడుకుల్లా నిలబడి ఉన్నాయి. వియ్యంకుడు పాట పెడితే గాజు బీరువాలో కప్పులు గలగలలాడాయి. పాట కంటే కప్పుల చప్పుడే నాకు ఎక్కువ వినిపించింది. అతిథిని కదా, ఊరుకున్నాను. మా ఆయన ఊరుకోలేదు.

"ఎట్టుంది బావా మా సౌండు?" అని నేను వంటింట్లోకి వెళ్లాక వియ్యంకుడు అడిగాడట.

"బాగానే ఉంది. పెట్టేగా?"

"పెట్టేగా అంటావేంది! కంపెనీ సరుకు. లోపల చానా యవ్వారం ఉంటది."

"ఏముంటది? చెక్క, గిన్నె, వైరు. ఇట్టాంటియ్యి మా ఇంట్లో నేనే చేస్తా."

"నువ్వా? మిరపకాయలు తొక్కినంత తేలికనుకున్నావా?"

"మిరపకాయలు తొక్కడం తేలికని నీకెవడు చెప్పాడు?"

అక్కడ తగిలింది ఆయనకు. మా ఆయన పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మిరప రైతు. ఎండిన కాయను గోతంలో పోసి కాళ్లతో తొక్కి కూరితే దాన్ని టిక్కీ అంటారు. ఆయన తొక్కిన టిక్కీ స్తంభంలా నిలబడేది, ఎటూ వాలేది కాదు. మిర్చి యార్డులో ఎవరైనా చేత్తో కొట్టి చూసి, ఇది ఫలానా ఆయన తొక్కిందే అనేవారు. మోకాళ్లు అరిగి పొలం కౌలుకిచ్చాక ఆ పేరు ఒక్కటే ఆయనకు మిగిలింది. ఆ పేరునే వియ్యంకుడు తేలిక అన్నాడు.

దాంతో మాట మాట పెరిగింది. దసరా లోపల మా ఆయన స్వయంగా స్పీకర్లు చేయాలి. వియ్యంకుడు మా ఇంటికొచ్చి కళ్లు మూసుకుని వినాలి. ఒక్క వంక అన్నది లేకపోతే మా ఆయన గెలిచినట్టు. వంక ఉంటే మీసం తీసేయాలి. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు.

తిరిగొస్తూ బస్సులో అడిగాను.

"ఆయనకి మీసం ఉందా?"

"లేదు."

"మరి ఆయనేం పెట్టాడు పందెం?"

"ఓడితే మనింటికొచ్చి తన చేత్తో అందరికీ వండి పెడతాడంట. పొయ్యి ముట్టించడం కూడా రాదు ఆయనకి. అది చిన్న పందెమా?"

"ఎవరి సరుకులతో వండుతాడు?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు.

"ఏమయ్యా, నిన్నే. ఎవరి నూనెతో?"

"అది మాట్లాడుకోలా."

ఓడితే మన మీసం పోతుంది. గెలిస్తే మన నూనె పోతుంది. రెండు పక్కలా మనకే నష్టం వచ్చే పందెం కాసి, చేయి కూడా కలిపి వచ్చాడు. వ్యవసాయం చేసిన మనిషి కదా, అలవాటు.

కానీ మీసం సంగతి వేరు. నన్ను చూడటానికి వచ్చినప్పుడే ఆయనకు మీసం ఉంది. నల్లగా, గడ్డిమోపు వెడల్పున ఉండేది. ఇప్పుడు తెల్లబడింది గానీ పలచబడలేదు. ఆ మీసం కింద పెదవి ఎలా ఉంటుందో నేను ఇంతవరకూ చూడలేదు. ఊళ్లో పెద్దమనుషులు కూర్చుని ఏదైనా తేల్చాల్సి వస్తే, ఆయన మాట్లాడకుండా మీసం దువ్వితే చాలు, సగం మంది అటే మొగ్గేవారు. పొలం ఇచ్చేశాక కూడా బయటికి వెళ్లేటప్పుడు ఆయన సర్దుకునేది చొక్కా కాదు, మీసం. అది పోతే ఆయన వీధి అరుగు మీద నలుగురితో కూర్చోడు, ఇంట్లో కూర్చుంటాడు. ఇంట్లో కూర్చుంటే నా నెత్తిన కూర్చున్నట్టే. అందుకే ఈ పందెంలో ఆయన గెలవాలని నేను గట్టిగా కోరుకున్నాను. పైకి చెప్పలేదు. చెబితే లోకువ అవుతాను.

స్పీకర్లు చేయడం ఆయన ఫోనులో నేర్చుకున్నాడు. ఎక్కడివాడో ఒకతను, ఏ భాషో మాకు తెలియదు, వీడియోల్లో చెక్క కోసి, జిగురు పెట్టి, పెట్టె బిగించి చూపిస్తాడు. మా ఆయన అవి మంచం మీద పడుకుని ఏడాదిగా చూస్తున్నాడు.

"వాడి మాట నీకు అర్థమవుద్దా?" అన్నాను.

"మాటెందుకే? చేతులు తెలుగులోనే ఉన్నాయిగా" అన్నాడు.

చెక్క నేనే ఇచ్చాను. మా అబ్బాయి గదిలో బీరువాలు చేయించినప్పుడు మిగిలిన ప్లైవుడ్ ముక్కలు మంచం కింద దాచాను. పారేయమని అబ్బాయి అడిగినప్పుడల్లా తిట్టాను. ఆ ముక్కలు చూసి మా ఆయన నాకు దణ్ణం పెట్టినంత పని చేశాడు. గిన్నెలు, అంటే శబ్దం వచ్చే యూనిట్లు, కోడలిని స్కూటీ మీద వెంటబెట్టుకుని నరసరావుపేట వెళ్లి తెచ్చాడు. పెట్టెకొక పెద్ద గిన్నె, ఒక చిన్న గిన్నె. పెద్దది డప్పుకట, చిన్నది గజ్జెలకట. ఏ శబ్దం ఏ గిన్నెలోకి పోవాలో పంచిపెట్టడానికి రాగితీగ చుట్టలున్న చిన్న పలక ఒకటి. మా ఇంట్లో ఆస్తి పంపకాలు కూడా ఇంత సులువుగా జరగలేదు.

చెక్కలో గుండ్రంగా రంధ్రం కోయాలి. దానికి కొలత కావాలి. పెద్ద గిన్నెకు నా అట్లపెనం మూత సరిపోయింది, చిన్న గిన్నెకు పోపులపెట్టెలో జీలకర్ర గిన్నె సరిపోయింది. మూత మీద పెన్సిలు గీతలు పడ్డాయి. అవి తోమితే పోయాయి కాబట్టి సరిపోయింది.

జిగురు పెట్టాక చెక్కలు విడిపోకుండా బిగించి పట్టే ఇనుప బిగింపులు ఉంటాయట, వీడియో అతను అరడజను వాడాడు. కొందామన్నాడు మా ఆయన. ఒక పూట పనికి ఇనుము కొనేదేమిటి? పొత్రం పెట్టాం, రోకలి పెట్టాం, మినప్పప్పు డబ్బా పెట్టాం. అయినా ఒక మూల లేస్తోంది.

"ఏమే, నువ్వు కాసేపు కూర్చో దీని మీద" అన్నాడు.

"నేను పొత్రాన్నా?"

"పొత్రం కంటే నువ్వే నయం. కదలవు, కదలనివ్వవు."

కూర్చున్నాను. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు కాబట్టి చింతపండు తెచ్చుకుని గింజలు తీశాను. సాయంత్రానికి ఇంటికి సరిపడా చింతపండు బాగైంది, పెట్టె కూడా అతుక్కుంది. కోడలు ఫోటో తీసి వాళ్ల నాన్నకు పంపిందట. ఆ పిల్ల రెండు పక్కలా గూఢచారి. అక్కడి సంగతి ఇక్కడ, ఇక్కడి సంగతి అక్కడ. వియ్యంకుడు వెంటనే ఫోన్ చేశాడు.

"చెల్లెమ్మా, స్పీకరు లోపల ఉంటదా, పైన కూర్చుంటదా?"

"పైన కూర్చునేది పాడదు అన్నయ్యా, తిడతది. వింటావా?" అన్నాను. ఫోన్ పెట్టేశాడు.

పెట్టె లోపల దూది పెట్టాలి. శబ్దం లోపలి గోడలకు కొట్టుకుని తిరిగి రాకుండా అది తాగేస్తుందట. వీడియోలో అతను తెల్లటి నురగలాంటిది కొంచెం తీసి, కోడిపిల్లను గంపలో పెట్టినట్టు మెల్లగా లోపల పరిచాడు. మా ఆయన ఆ ముక్క మళ్లీ మళ్లీ చూసి తల ఊపాడు.

"పాపం, వాళ్ల ఊళ్లో పత్తి పండదనుకుంటా. పిసరంత పెట్టి సరిపెట్టుకుంటన్నాడు. మనకేం కరువు?"

ఇది నేను విన్నాను. కానీ ఆ పత్తి ఎక్కడి నుంచి తెస్తాడో ఆలోచించలేదు. పెరట్లో బట్టలు ఉతుకుతున్నాను. లోపలి నుంచి ధప్, ధప్ మని శబ్దం. ఇన్నేళ్లుగా ఎరిగిన శబ్దం అది. వెళ్లి చూస్తే, పెట్టె వెనక చెక్క లేకుండా నేల మీద బోర్లా ఉంది, మా ఆయన గోడ పట్టుకుని, పంచె ఎగ్గట్టి, ఒక కాలు పెట్టెలో పెట్టి మడమతో తొక్కుతున్నాడు. మోకాలు నొప్పి అన్నది ఎటు పోయిందో.

"ఏందయ్యా అది?"

"టిక్కీ" అన్నాడు, చెమట తుడుచుకుంటూ. "సందు ఉండకూడదు. సందు ఉంటే సరుకు కదులుద్ది. సరుకు కదిలితే పేరు పోద్ది."

స్పీకరు గురించి నాకేం తెలుసు? బస్తా గురించి తెలుసు. బస్తా అయితే ఆయన మాట నిజమే. నేను వెనక్కి వెళ్లి బట్టలు ఆరేసుకున్నాను.

రెండో పెట్టె కూడా అలాగే తొక్కి, వెనక చెక్క బిగించి, కొట్టి చూసుకుని, స్తంభాల్లా ఉన్నాయని మురిసి, పాట పెట్టాడు. మేమంతా కూర్చున్నాం.

పాట వచ్చింది. వచ్చిందంటే వచ్చింది. నాలుగు దుప్పట్లు కప్పుకుని జ్వరంతో మూలిగే మనిషి గొంతులా వచ్చింది. డప్పు వేసేవాడు డప్పు బదులు దిండు మీద కొడుతున్నట్టుంది. కోడలు పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఆయన శబ్దం పెంచాడు. దుప్పట్లలో మనిషికి జ్వరం పెరిగింది.

"కరెంటు తక్కువుంది" అన్నాడు.

ఫ్యాను గిరగిర తిరుగుతోంది.

"ఫోను పాతది."

కోడలి ఫోను పెట్టాం. అదే మూలుగు.

"మామయ్యా, నే చెప్తే వినండి. మా నాన్నకి ఫోన్ చేసి రాజీ పడదాం. సగం మీసం తీయించుకుంటే సరిపోద్దేమో అడుగుతా" అంది కోడలు.

ఆ పిల్ల వేళాకోళానికి అంది. ఆయన నవ్వలేదు. ఆ రెండు రోజులూ తీగలు విప్పి బిగించడం, బిగించి విప్పడం. అరుగు మీదికి పోలేదు. దసరా దగ్గరికొచ్చింది. అద్దం ముందు నుంచి వెళ్తూ మీసం మీదికి చేయి పోనిచ్చి, మధ్యలో ఆపి, ఆ చేత్తో ముక్కు గోక్కునేవాడు. అది చూసినప్పుడు నాకు మనసులో ఎలాగో అయింది. అందుకే ఆ రోజు కూరలో ఆయనకు ఇష్టమని రెండు వంకాయలు ఎక్కువ వేశాను.

మూడో నాడు వత్తులు చేసుకుందామని అటక మీద నా దూది కోసం చూశాను. లేదు. గింజ తీసి, ఏకి, పాత చీరలో మూట కట్టి పెట్టుకున్న తెల్లటి దూది. పండగలకు వత్తులు, కొత్తగా రెండు దిళ్లు, అన్నీ అందులోంచే రావాలి.

"ఏమయ్యా, నా దూది ఏది?"

ఆయన కళ్లు పెట్టెల వైపు పోయాయి.

నేను అరవలేదు. అరిస్తే అరుగు మీద వాళ్లు వింటారు. "విప్పు" అన్నాను, అంతే.

ఆయన ఒక పెట్టెకు వెనక చెక్క విప్పాడు. పొద్దున పెట్టిన పాట ఇంకా సాగుతూనే ఉంది, అదే మూలుగు. నేను చేయి పెట్టి ఒక గుప్పెడు పీకాను. రాలేదు. ఆయన తొక్కింది ఊరికే వస్తుందా? కాలు పెట్టెకు తన్నిపెట్టి లాగాను. పెద్ద ముద్ద ఊడొచ్చింది. వెంటనే దుప్పట్లలోని మనిషి లేచి కూర్చున్నాడు.

"ఆగు, ఆగు! ఏం చేశావే?" అన్నాడు మా ఆయన.

"నా దూది నేను తీసుకున్నా."

"ఇంకొంచెం తీసుకో."

ఇది నా జీవితంలో ఆయన నాతో అన్న మంచి మాటల్లో ఒకటి. తీశాను. ఆయన వెనక చెక్కను రెండు చేతులతో నొక్కి పట్టి చెవి రిక్కించాడు. గొంతు ఇంకా విచ్చుకుంది. మళ్లీ తీశాను, మళ్లీ నొక్కాడు. పాట పాడే ఆమె ఒక్కొక్క దుప్పటే తీసి మడతపెట్టి పక్కన పెడుతున్నట్టుంది. కోడలు వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చింది.

"అత్తయ్యా, ఏం చేశారు? పలుకుతంది!"

నేను ఆపలేదు. నా దూది నాకు కావాలి. అడుగు దాకా గీకి తీశాను. పెట్టె ఖాళీ అయింది. అప్పుడు శబ్దం మారిపోయింది. బానలో తల పెట్టి ఎవరో అరుస్తున్నట్టు బొయ్ మంది.

"ఎక్కువైంది. కొంచెం వెనక్కి పెట్టు" అన్నాడు.

"పెట్టను."

"ఒక్క గుప్పెడు."

"మూడు వేళ్లకి వచ్చినంత ఇస్తా."

"నీ వేళ్లు కాదు, నా వేళ్లు."

"నీ వేళ్లు చేటలంత ఉంటాయి. కుదరదు."

"మీసం పోయిద్దే!"

"దూది పెట్టి కొనుక్కున్న మీసమా అది?"

అలా బేరం సాగింది. యార్డులో దళారీలు కూడా అంతసేపు ఆడరు. చివరికి తేలిందేమిటంటే, నా ఏకిన దూది మొత్తం నాకు వెనక్కి. బదులుగా కొట్టంలో మూలనున్న సంచిలోని చివరి ఏరుడు పత్తి, రంగు మాసింది, ఆయన ఎంత కావాలంటే అంత తీసుకోవచ్చు. అది గింజతో ఉంది. గింజ తీసుకోవడం ఆయన పని.

"పత్తి పత్తే. తెలుపు చూసి పాట పాడుద్దా?" అని సంతోషంగా ఒప్పుకున్నాడు.

కళ్లజోడు పెట్టుకుని, టీవీ ముందు కూర్చుని, గింజలు ఒలిచాడు. ఆ గింజలు పక్కింటి గేదెకు వేసి, వాళ్ల దగ్గర గిన్నెడు మజ్జిగ తెచ్చాను. ఇప్పుడు ఆయన తొక్కలేదు. కాస్త వేసి వినడం, కాస్త తీసి వినడం. కూర చవి చూసినట్టు చూశాడు. రెండు పెట్టెలూ ఒకేలా పలికేదాకా తిండి మీద ధ్యాస లేదు. రంగు కొనడానికి నేను ఒప్పుకోలేదు, కిటికీలకు వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగు ఉంది, అదే వేశాం.

పండక్కి ముందు ఆదివారం వియ్యంకుడు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, సెంటు. ఎవరో ముద్దాయిని చూడటానికి వచ్చిన జడ్జిగారిలా కుర్చీలో కూర్చున్నాడు. పెట్టెలు చూసి, "ఇదేం రంగు బావా, మంచాలకు వేసే రంగు!" అన్నాడు.

"కళ్లు మూసుకునేదానికి రంగుతో పనేంది?" అన్నాను.

"నాన్నా, నువ్వు ఓరగా చూస్తావు, నాకు తెలుసు" అని కోడలు తండ్రి కళ్లకు తువ్వాలు కట్టింది. మా ఆయన పాట పెట్టాడు. పెట్టే ముందు మీసం ఒకసారి నిండుగా దువ్వుకున్నాడు. ఇదే ఆఖరిసారి కావచ్చనుకున్నాడేమో.

ముందు మద్దెల. గదిలో ఎవరో కూర్చుని వాయిస్తున్నట్టు, వేలు ఎక్కడ పడిందో, అరచేయి ఎక్కడ పడిందో తెలిసింది. తరవాత ఆడమనిషి గొంతు. పాట మొదలుపెట్టే ముందు ఆమె ఊపిరి తీసుకోవడం వినిపించింది. నాకు భయం వేసింది. ఊపిరి కూడా దాచని పెట్టె ఇంట్లో ఉంటే గుట్టేం మిగులుతుంది? బీరువాలో గ్లాసులు కదలలేదు. నేను చెవి ముందు గ్లాసుల మీదే పెట్టాను.

వియ్యంకుడు ఒక పాట విన్నాడు. ఇంకోటి పెట్టమన్నాడు. మళ్లీ ఇంకోటి. కాళ్లు చాపుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను, కానీ కుర్చీ చేతి మీద వేళ్లు తాళం వేస్తున్నాయి. చివరికి తువ్వాలు విప్పుకుని, మా ఆయన వైపు కాకుండా గోడ వైపు చూస్తూ అన్నాడు.

"ఓడా బావా. వంక లేదు."

కోడలు చప్పట్లు కొట్టింది. నేను మాత్రం నూనె డబ్బాను తలుచుకున్నాను.

మా ఆయన కదల్లేదు. తల పక్కకు వాల్చి, చేయి పైకెత్తి ఉన్నాడు.

"ఆగు."

"ఇంకేంది బావా? ఓడానని చెప్పాగా."

"ఎడమ పెట్టెలో గింజ ఆడతంది."

మాకెవరికీ వినపడలేదు. చెవి ఆనించి విన్నా వినపడలేదు. మిరప రైతులు ఎండిందీ లేందీ చూడటానికి కాయను చెవి దగ్గర పెట్టి ఆడిస్తారు, లోపల గింజ గలగలమంటే ఎండినట్టు. జీవితమంతా లక్ష కాయలు ఆడించిన చెవి అది.

"బావా, నాకు వినపడలా. వినేది నేనా, నువ్వా? పందెం నా చెవితోనేగా?" అన్నాడు వియ్యంకుడు.

"వంక ఉంటే అన్నాం. నీకు వినపడితే అనలా."

ఆయన పెట్టె విప్పాడు. పెద్ద గిన్నె వెనక, శబ్దానికి అదిరే కాగితానికీ ఇనుప చట్రానికీ మధ్య సందులో ఒక పత్తిగింజ నూగుతో సహా కూర్చుని ఉంది. దాన్ని తీసి అరచేతిలో పెట్టి వియ్యంకుడికి చూపించాడు.

"ఇదిగో. ఓడింది నేను."

"చాల్లే! గింజంత వంక వంకా? ఓడింది నేను."

"నా పెట్టె, నా గింజ. నువ్వెట్టా ఓడతావు?"

"నా నోటితో ఓడానన్నాక నువ్వెట్టా ఓడతావు? నా మాటకి విలువ లేదా? మా ఊళ్లో ఈ మాట తెలిస్తే తలెత్తుకోగలనా?"

గెలిచానని కొట్టుకునేవాళ్లను చూశాను. ఓడానని గొంతులు చించుకునేవాళ్లను అప్పుడే చూశాను. అరుగు మీద ఉన్నవాళ్లు ఏమైందోనని గుమ్మం దాకా వచ్చారు. నేను సర్దిచెబుదామని నోరు తెరిచేలోపే మా ఆయన చొక్కా వేసుకుని వీధిలోకి దిగాడు.

"ఏడకి బావా?"

"మంగలి షాపుకి."

వియ్యంకుడు ఆయన వీపునే చూస్తూ నిలబడ్డాడు. మెడ ఎర్రబడింది. ఇస్త్రీ చొక్కా చేతులు మడిచాడు.

"ఆయన మాట మాటా, నా మాట గాలా? చెల్లెమ్మా, పొయ్యి ఎట్టా ముట్టిచ్చేది?"

నేను ఆయన కంటే ముందు వంటింట్లోకి నడిచి నూనె డబ్బా చంకలో పెట్టుకున్నాను. నూనె నేను పోస్తాను, ఆయన కలుపుతాడు, అదీ షరతు. ఆయన ఉల్లిపాయలు కోసి ఏడ్చాడు. పులుసులో పసుపు ఒక పెళ్లికి సరిపోయేంత వేశాడు. పక్కనే నిలబడి, "నాన్నా, అది చక్కెర" అని కోడలు అరవకపోతే చారు పాయసమయ్యేది. అన్నం ఒక పక్క బియ్యం, ఒక పక్క గంజి. వృథా పోనివ్వడం నాకు గిట్టదు కాబట్టి ఇదంతా తినాల్సిందే అని అప్పుడే అనుకున్నాను.

విస్తళ్లు వేశాక మా ఆయన వచ్చాడు. ముఖానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని వచ్చి, గోడ పక్కన పీట మీద కూర్చున్నాడు. నేను వడ్డిస్తున్నాను.

"తువ్వాలు తీయండి మామయ్యా, ఎట్టా తింటారు?" అంది కోడలు.

తీశాడు.

నా చేతిలో గరిటె ఆగిపోయింది. పీట మీద కూర్చున్నది మా అత్తగారు. పోయి ఇన్నేళ్లయిన మా అత్తగారు, అదే పై పెదవి, మధ్యలో అదే నొక్కు, అదే విరుపు. కాపురానికి వచ్చిన మొదటి రోజు నుంచి కాటికి పోయే రోజు వరకు నేను వండింది ఏ ఒక్కనాడూ బాగుందని అనని పెదవి అది. ఇన్నాళ్లూ మీసం వెనక దాక్కుని నా ఎదురుగా భోజనం చేస్తోందన్నమాట.

మా ఆయన పులుసు కలుపుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. పెదవి చప్పరించాడు.

"పులుపు చాలలా" అన్నాడు.

నేను పమిట భుజం నిండా కప్పుకుని, ఒక అడుగు వెనక్కి వేసి, "రేపు సరిగా చేస్తా అత్తా" అన్నాను.

వియ్యంకుడు విస్తరి మీదికి వాలిపోయి నవ్వాడు. కోడలు గోడకు చేరగిలబడి ఏడ్చేంత నవ్వింది. మా ఆయనకు మాత్రం అర్థం కాలేదు, అద్దం తెచ్చి చూపించాక తనూ కాసేపు దణ్ణం పెట్టాలో వద్దో తెలియనట్టు చూశాడు.

"బావా, తొందరగా పెంచు. మా చెల్లెమ్మ ఇట్టా మెత్తబడితే ఈ ఇల్లు నడవదు" అన్నాడు వియ్యంకుడు, కళ్లు తుడుచుకుని. వెళ్తూ వెళ్తూ, తన నల్ల పెట్టెల్లో కూడా దూది ఎంత ఉందో విప్పి చూడమని మా ఆయనను పిలిచి మరీ పోయాడు.

మా ఆయన అరుగు మీదికి పోకుండా దాక్కుంటాడనుకున్నాను. అలా ఏం జరగలేదు. గింజ కథ ఆయన కంటే ముందే అరుగు మీదికి చేరింది. ఇప్పుడు మీసం లేని పెదవి చూడటానికి కొందరు, పెట్టెలు వినడానికి కొందరు వస్తున్నారు. ఆయన మీసం ఉండే చోట గాలిలో దువ్వుకుంటూ కూర్చుంటున్నాడు, పాత గౌరవమే నడుస్తోంది. కష్టమంతా నాది. కాఫీ చల్లారిందని ఆయన అంటే నోటికొచ్చిన తిట్టు గొంతులోనే ఆగిపోతోంది, చేతులు వాటంతటవే గ్లాసు తీసుకుని వేడి చేసి తెస్తున్నాయి. ఆ సంగతి ఆయన కనిపెట్టేశాడు కూడా. రోజూ రెండుసార్లు చల్లారుతోంది.

స్పీకర్లకు సరిగ్గా మధ్యలో కూర్చుంటేనే పాట బాగుంటుందట. ఆ కుర్చీ నాకు వదిలి ఆయన ఎదురుగా కూర్చుంటున్నాడు. పాట సగంలో, "ఎట్టుందే?" అని అడుగుతాడు. చెవికి అది మా ఆయనే. కళ్లు తెరిస్తే అత్తగారు.

అందుకే ఈ మధ్య పాటలు మొదటి నుంచి చివరి దాకా కళ్లు మూసుకుని వింటున్నాను. చూసినవాళ్లు, ముసలమ్మకు సంగీతం బాగా పట్టుబడిందని చెప్పుకుంటున్నారు.